మెయిన్ ఆపినా ఆగని హమ్ము

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండాకాలంలో చోడవరంలో మధ్యాహ్నం పూట కరెంటు పోవడం వార్తేమీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా వార్తలు రాసినవాణ్ని, ఆపాటి తెలుసు. ముందు ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి కనబడ్డాయి. ఫ్రిజ్ ఒళ్లు విదిలించుకున్నట్టు ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. ఎదురింటి టీవీలో ఎవరో మాట మధ్యలో ఆగిపోయారు. అన్నీ సద్దుమణిగాక నా ఎడమ చెవిలో అది వినిపించింది. మొదలైంది అనలేను. అది ఎప్పుడూ ఉంటుంది, మిగిలిన చప్పుళ్లు పక్కకు తప్పుకున్నప్పుడు బయటపడుతుంది. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు మూత కింద ఆవిరి చేసే సన్నని కూతలాంటిది. ఎన్నేళ్లయినా ఆ విజిల్ పడదు, ఆవిరీ ఆగదు.

గోడకు చేరగిలబడి ఆ కూత వింటూ కూర్చుంటే, పైడిరాజు గారు మెయిన్ ఆపిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. అది ఆయన మైకుల కొట్టు. ఆయన స్టూలు ఎక్కి, గోడ మీది మెయిన్ స్విచ్ పిడిని కిందికి లాగారు. ఫ్యాను ఆగింది. బల్ల మీద యాంప్లిఫయర్ ఎర్రదీపం ఆరిపోయింది. ఆయన పిడి మీద చెయ్యి తియ్యకుండానే నావైపు తిరిగారు.

“ఇప్పుడిను బాబూ. ఆగిందేటి?”

“ఏది బాబాయ్?”

“హమ్ము. ఆ గుయ్యిమనే రొద.”

“కరెంటే లేదు కదా, హమ్ము ఎక్కడినుంచి వస్తుంది?”

ఆయన గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న భార్యను అడిగారు. “ఒసే, నీకో? నీకు ఇనపడతందా?”

“నాకు నీ నోరొక్కటే ఇనపడతంది. అది సాలదేటి?” అంది అప్పలనర్సమ్మ పిన్ని. అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి చేట పక్కన పెట్టింది.

పైడిరాజు గారు స్టూలు దిగారు. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని, తీసి, మళ్లీ మూసుకున్నారు. “అయితే ఇది సెట్టులో లేదు,” అన్నారు మెల్లగా, ఎవరితోనో కాదు, ఆ యాంప్లిఫయర్‌తో.

ఆ హమ్ము ఆయన చెవిలోకి ఎక్కడినుంచి వచ్చిందో, ఆ కొట్లో ఉన్న ముగ్గురిలో నాకు ఒక్కడికే పూర్తిగా తెలుసు. అంతకు ఏడాదిన్నర ముందు నేను రాసిన ఐదు వాక్యాల వార్త దగ్గర అది బయలుదేరింది. ఆ మాట ఆయనకు చెప్పాలి. ఆ మధ్యాహ్నం నుంచి నా మెడకు పడిన పని అది ఒక్కటే. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆయన ఎవరో చెప్పాలి.

చోడవరం నుంచి ఇటు రోలుగుంట, అటు బుచ్చయ్యపేట దాకా ఏ ఊళ్లో పెళ్లయినా, సభయినా, అమ్మవారి పండగయినా ‘మైకు పైడిరాజు’ అంటే తెలియనివారు ఉండేవారు కాదు. బక్కపలచని మనిషి. చెవి వెనక బీడీ ఉండాల్సిన చోట టెస్టర్ ఉండేది. కొట్టు ముందు గది చిన్నది, వెనక రేకుల షెడ్డు. గోడల నిండా గరాటు ఆకారపు హారన్లు బోర్లించిన గంపల్లా వేలాడేవి. మిగతా మైకుసెట్లవాళ్లు వేదికకు చెరో పక్క పెద్ద స్పీకరు పెట్టె నిలబెట్టి, వెనక ఉన్నవాడికి వినపడేదాకా సౌండు పెంచేవారు. ఈయన పద్ధతి వేరు. ఎడ్లబండి మీద వెదురు గెడలు వేసుకుని వచ్చి, సభ జరిగే చోట నలభై అడుగులకొక గెడ పాతి, ఒక్కో గెడకు ఒక చిన్న హారన్ కట్టి, అన్నిటికీ తక్కువ సౌండు పెట్టేవారు. వైరు చాలా ఖర్చు, గెడలు పాతడం ఒళ్లు హూనమయ్యే పని. “ఇనపడకపోతే దగ్గరికెళ్లాలి గానీ అరిస్తే ఎలాగ బాబూ? అరిస్తే ముందోడి సెవులు పోతాయి. ఎనకోడికి గోలే మిగులుతాది,” అనేవారు.

సెట్టు కట్టాక ఆయన చేసే పని ఒకటుంది. జనం కూర్చున్నాక, వేదిక మీద ఎవరో మాట్లాడుతుండగా, చిట్టచివరి వరస దాకా నడుచుకుంటూ వెళ్లి నేల మీద గొంతుక్కూర్చునేవారు. పక్కన ఎవరుంటే వారిని, మామూలు గొంతుతో, “ఏటమ్మా, అన్నాలు తిన్నారేటి?” అని అడిగేవారు. ఆవిడ గొంతు పెంచకుండా జవాబు చెప్పగలగాలి, ఆ జవాబు ఈయనకు వినపడాలి, అదే సమయంలో వేదిక మీది మాటా తెలియాలి. అలా కుదిరితే సరి. ఆవిడ అరవాల్సి వచ్చిందా, ఈయన లేచి ముందుకు వెళ్లి సౌండు తగ్గించేవారు. ఈ సంగతి తెలియనివాళ్లు ఆయన భోజనం కోసం అడుగుతున్నాడనుకునేవారు. “పైడిరాజొచ్చేడు, ఓ ఇస్తరాకెయ్యండర్రా!” అని వెక్కిరించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. కొన్ని ఊళ్లలో నిజంగానే విస్తరి వేసేవారు, అప్పుడు తినేవారు కూడా.

నేను చోడవరంలో విలేకరిగా చేరిన కొత్త. విశాఖ నుంచి వచ్చే దినపత్రికకు రోజుకు కనీసం నాలుగు వార్తలు పంపాలి. కవరులో పెట్టి అనకాపల్లి బస్సు డ్రైవరు చేతికిచ్చే రోజులవి. వార్త పడితే ఊళ్లో మనిషిని, పడకపోతే ఎవడినీ కాను. ఆ ఏడు బుచ్చయ్యపేట వైపు ఒక ఊళ్లో అమ్మవారి పండగ, సాయంత్రం పూట పౌరాణిక నాటకం. నేను వేదిక పక్క టీ బల్ల దగ్గర కూర్చున్నాను. కమిటీలో ఒకాయన వచ్చి, “ఎనక జనానికి ముక్క ఇనపడ్డం లేదండి, లేచి ఎల్లిపోతన్నారు. పేపర్లో ఎయ్యండి, ఆ పైడిరాజుకి బుద్ధొస్తాది,” అన్నాడు. నేను వెనక్కి వెళ్లి చూడలేదు. మైకు మనిషిని అడగలేదు. టీ తాగుతూనే ఐదు వాక్యాలు రాసుకున్నాను. ‘వినిపించని మైకులు - నిరాశలో భక్తులు’ అన్న శీర్షికతో రెండో రోజు పడింది. అలాంటి చిన్న వార్తలకు రాసినవాడి పేరు వేయరు.

అసలు జరిగింది నాకు నెల తర్వాత తెలిసింది. చెరకు బండి ఒకటి పోతూ వెనక వరస గెడల వైరు తెంపేసింది. ఇరవై నిమిషాలు అక్కడ మైకులు మూగబోయాయి. పైడిరాజు గారు చీకట్లో వైరు వెంబడి పాకుతూ వెళ్లి, తెగిన చోటు పట్టుకుని, ముడివేశారు. తర్వాత నాటకం చివరిదాకా ఎవరూ లేవలేదు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. ఏదో సభ వార్త కోసం ఆయన కొట్టుకు వెళ్లాను. మాటల్లో, “మీ పేపర్లోనే పడిందిలే బాబూ. ఎవుడో రాసేడు. పాపం, ఆడు ముందర కూకున్నాడు కావాల,” అన్నారు. ఆ ‘పాపం’ నన్ను ఉద్దేశించి అన్నదని ఆయనకు తెలియదు. తెలియదనే ఆ రోజు నేను అనుకున్నాను. నోరు తెరవబోయి, టీ గ్లాసు అందుకున్నాను.

ఆ టీ తర్వాత రోజూ ఆ కొట్టుకు వెళ్లడం అలవాటైంది. తప్పు చేసినవాడు ఆ చుట్టుపక్కలే తిరుగుతాడని పోలీసు వార్తలు రాసే మాకు తెలిసిన సంగతే. నాకు రాయడం నేర్పింది ఆ కొట్టు. మైకు పరీక్షించడానికి అందరూ ‘హలో, హలో’ అంటారు. పైడిరాజు గారు మాత్రం పేపరు చదివించేవారు. “హలోలో ఏటుంది బాబూ, అన్నీ గాలక్షరాలే. పేపరు సదివితే అన్ని అచ్చరాలూ తగుల్తాయి,” అనేవారు. ఒకరోజు నా వార్తనే నా చేత చదివించారు. పంచాయతీ సమావేశం మీద రాసిన వాక్యం, మొదలుపెడితే పేరా చివరిదాకా ఆగదు. మధ్యలో ఊపిరి చాలక దగ్గాను. ఆ దగ్గు షెడ్డులోని హారన్లన్నిట్లోంచి వినిపించింది. పిన్ని లోపల్నుంచి, “ఎవలికి బాబూ, నీళ్లు తెమ్మంటావా?” అని కేకేసింది.

“మనిషి సచ్చిపోతన్నాడే, తే,” అన్నారు ఆయన. తర్వాత నావైపు తిరిగి, “ఆ ముక్కని రెండు సేయి బాబూ. సదివినోడికి మద్దిలో ఊపిరి తీసుకోడానికి సోటుండాల,” అన్నారు. అప్పటినుంచి బస్సుకు కవరు ఇచ్చే ముందు ఆ కొట్లో వార్త చదివి వినిపించేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని, నాబ్ మీద వేళ్లుంచి వినేవారు. ఎక్కడ నా గొంతు పెరిగితే అక్కడ, “అక్కడ అరిసేవు. అరిసేవంటే నీకు తెలీదన్న మాట. ఎల్లి కనుక్కో,” అనేవారు. చాలాసార్లు అది నిజం. నేను వెళ్లి చూడని చోట, అడగని చోట నా వాక్యంలో పెద్దపెద్ద మాటలు వచ్చి పడేవి. ఏడాది తిరిగేసరికి నా రాత ఎలా నడుస్తుందో నాకంటే ఆయన చెవికే బాగా తెలుసు.

మళ్లీ ఆ ఊరి అమ్మవారి పండగ వచ్చింది. కమిటీవాళ్లు నలుగురు కొట్టుకు వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. వాళ్లలో ఒకతను జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నా ఐదు వాక్యాలు. “పేపరోళ్లే రాసేరు గురువా, నీ మైకు ఇనపడదని. అనకాపల్లోళ్లు సూడు, ట్రాక్టరు నిండా పెట్టెలెట్టి ఇళ్లు అదరగొట్టేస్తన్నారు. ఈ ఏడు ఊరేగింపుకి పెట్టెలెట్టు. నేకపోతే సెప్పీ, ఏరే సెట్టు మాటాడుకుంతాం.” పైడిరాజు గారు ఆ కాగితాన్ని చదవలేదు, ఎన్నోసార్లు చదివినదాన్ని చూసినట్టు చూశారు. ఆ ఊరి పండగకు ఆయన తండ్రి కాలం నుంచీ వాళ్లదే మైకు. “సరే,” అన్నారు. అప్పుడైనా ఆ వార్త తప్పని, రాసింది నేనేనని అనవచ్చు. అంటే పండగ ఆయనకు పాత పద్ధతిలోనే దక్కేదో, అసలు దక్కకపోయేదో చెప్పలేను. నేను అనలేదన్నది మాత్రం చెప్పగలను.

ఊరేగింపు మధ్యాహ్నం మూడింటికి బయలుదేరింది. అద్దెకు తెచ్చిన పెట్టెలు ట్రాక్టరు తొట్టిలో మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆ ముందు నిలబడితే చొక్కా గుండీలు అదిరేవి. గడప ముందు బిందెల్లో నీళ్లు వణకడం చూశాను. పైడిరాజు గారు దూది ఉండలు చేసి దారి పొడుగునా ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు పంచారు. తను మాత్రం పెట్టుకోలేదు. “మీరూ పెట్టుకోండి బాబాయ్,” అని చెవిలో అరిచాను. “నోరు కట్టుకుని కూర రుసి సూడమంటావేటి!” అని తిరిగి అరిచారు. పెట్టెలో సౌండు చీలుతుందేమో, వైరు ఊడుతుందేమో అని, మూడు గంటలు తొట్టి పక్కనే, ఎడమ చెవి పెట్టెల వైపు పెట్టి నడిచారు. నేను పది నిమిషాలుండి, ఫొటో తీసుకుని, దూరంగా వెళ్లిపోయాను.

ఆ తర్వాత వారం నుంచి ఆయనకు సెట్టులో హమ్ము వినిపించసాగింది. మైకుల పనిలో హమ్ము అంటే ఎర్త్ సరిగా లేదని అర్థం. ముప్ఫై ఏళ్లు అదే పనిలో ఉన్న మనిషికి చెవిలో గుయ్యిమంటే మొదట చెవి మీద అనుమానం ఎందుకు వస్తుంది? యాంప్లిఫయర్ విప్పి మళ్లీ బిగించారు. వైర్లన్నీ మార్చారు. షెడ్డు వెనక కొత్త ఎర్త్ కోసం నడుంలోతు గొయ్యి తవ్వి, ఇనుప కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ పోసి కప్పారు. రోజూ పొద్దున్నే ఆ గోతిలో చెంబుడు నీళ్లు పోసేవారు. పిన్ని అది చూసి, “ఏటి, మొక్కేటి అది? కాయలు కాసీనాక నాలుగు ఇటివ్వు, కూరొండుతాను,” అనేది. “నోరుముయ్యే, హమ్ము తగ్గతంది,” అనేవారు ఆయన. తగ్గలేదు. రెండో గొయ్యి తవ్వారు. నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆ మెయిన్ స్విచ్ కిందికి లాగారు.

విశాఖకు చెవి డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయటకు వచ్చి పైడిరాజు గారు అన్న మొదటి మాట, “గది బాగా కట్టేరు బాబూ. బయటి సప్పుడు సుక్క రాదు.” రెండో మాట, “ఆళ్ల హెడ్‌ఫోనుకి ఎడం పక్క వైరు లూజేమో అనుకున్నాను. కాదు, నాకే ఎడం పక్క లూజు.” డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని మొలకలుంటాయి, పెద్ద శబ్దం వాటిని పడగొడుతుంది, కొన్ని లేస్తాయి, కొన్ని ఇక లేవవు. వినికిడి తగ్గిన చోట ఈ రొద పుడుతుంది.

“గాలివానకి సెరుకు పడిపోయినట్టన్నమాట,” అన్నారు ఆయన. “మా రైతులు పడిపోయిన సెరుకుని దాని ఆకుతోనే జడేసి నిలబెడతారమ్మా. దీనికి జడెయ్యలేరేటి?”

“వేయలేమండీ,” అంది ఆవిడ. “ఉన్నవాటిని కాపాడుకోవాలి. వచ్చిన రెండు మూడు రోజుల్లోనే వచ్చి ఉంటే ఏదైనా ప్రయత్నించి చూసేవాళ్లం.” దూది సంగతి అడిగితే, “దూది దుమ్మును ఆపుతుంది, శబ్దాన్ని ఆపదు. దానికి వేరే ఫోము బిరడాలుంటాయి. అన్నిటికంటే దూరం మంచిది,” అంది. బస్సులో అనకాపల్లి దాటేదాకా ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. తన చెవి గురించి బాధపడుతున్నారనుకున్నాను. “ఆ ముసిలోళ్లందరికీ దూది ఇచ్చి, ఏటీ అవ్వదు అని సెప్పేను బాబూ,” అన్నారు చివరికి.

ఆ తర్వాత ఆయన ఊరేగింపులు ఒప్పుకోలేదు. బడి పండగలు, సంతాప సభలు, చిన్నచిన్న పెళ్లిళ్లు మాత్రం మిగిలాయి. గెడలు, చిన్న హారన్లు, తక్కువ సౌండు. మెల్లగా ఊళ్లు ఆయన్ను పిలవడం మానేశాయి. “మైకు పైడిరాజుని పిలిస్తే పెళ్లో, తద్దినమో తెలీదు,” అన్న జోకు ఒకటి పుట్టింది. ఆయన దాన్ని నాకు చెప్పి తనే నవ్వారు. కుడి చెవి కూడా తర్వాత్తర్వాత మందగించింది. అయినా బడిలో మైకు కట్టినప్పుడు చివరి వరసకు వెళ్లి కూర్చోవడం మానలేదు. జవాబు వినపడక పెదాలు చూసేవారు. ఎదుటివాళ్ల మెడ నరాలు ఉబ్బితే సౌండు తగ్గించాలని ఆయనకు తెలిసిపోయేది.

నా కూత మొదలై తొమ్మిదేళ్లు. మేనల్లుడి పెళ్లి ఊరేగింపు. ఇంత తెలిసినవాణ్ని, జేబులో ఫోము బిరడాలున్నవాణ్ని, గంటన్నర సేపు డీజే బండి పక్కనే నడిచాను. పెళ్లివారి ముందు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం. మర్నాడు చెవి దిబ్బడ వేసినట్టుంది. ఆ మర్నాటికి దిబ్బడ పోయి కూత మిగిలింది. నేరుగా పైడిరాజు గారి దగ్గరకు వెళ్లాను. అప్పటికి ఆయన దగ్గర గట్టిగా, నిదానంగా, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

“ఏ పక్క?”

“ఎడమ.”

“నాదీ ఎడమే!” అన్నారు, రైల్లో సొంతూరివాడు తగిలినట్టు. వెంటనే ముఖం మారింది. “ఎన్నాళ్లయింది? రెండ్రోజులా? మరిక్కడేటి సేస్తన్నావు? ఎల్లు, ఇప్పుడే బస్సెక్కు. నాలాగ గొయ్యి తవ్వుకుంటూ కూకోకు.”

వెళ్లాను. మందులు కొంత పనిచేశాయి, కొంత పనిచేయలేదు. నిద్ర పట్టక, పని తోచక, తల గోడకేసి కొట్టుకోవాలనిపించిన ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది ఆయనే. “దాన్ని ఇనకు బాబూ. ఆగిందా లేదా అని మాటిమాటికీ సూడకు. ఈధికుక్క లాగ, నువ్వు సూస్తే అది ఎంటబడతాది. నీ దారిని నువ్వు పో, అదీ నీతో వస్తాది, వస్తే రానీ.” ఇంకో మాట చెప్పారు. “ఒట్టి నిశ్శబ్దంలో కూకోకు. ఏదో ఒక సిన్న సప్పుడు పక్కనెట్టుకో.” ఆయన పక్కన ఉండే చప్పుడు ఒక బల్ల ఫ్యాను. రెక్క వంకరై, తిరిగినప్పుడల్లా జాలీకి టిక్కుమని తగిలేది. ఎందరివో ఫ్యాన్లు బాగుచేసిన మనిషి, దాన్ని ముట్టుకోలేదు. “దీన్ని బాగుసేస్తే నేను పాడైపోతాను,” అన్నారు. ఆ ఫ్యాను పక్కన ఇద్దరం చెరో ఎడమ చెవితో చాలా మధ్యాహ్నాలు కూర్చున్నాం. అలాంటి మధ్యాహ్నం ఒక్కటి ఇప్పుడు దొరికితే బాగుండునని ఉంటుంది. మాట్లాడుకోవడానికి కాదు, ఊరికే అలా కూర్చోవడానికి.

ఆ వార్త రాసింది నేనేనన్న మాట చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది. రాసి చూపించొచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఆయనకు చదువు వచ్చు, చూపు బాగానే ఉంది. ఐదు వాక్యాలు చాలు. కాగితం, కలం తీసిన రోజులున్నాయి. ఒక్కో వాక్యం ఆయన గొంతులో చదువుకుంటే ఎక్కడికక్కడ నేను అరుస్తున్నట్టు వినిపించేది, చింపేసేవాణ్ని. చివరికి కిందటేడు కాదు, అంతకు ముందటేడు, వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నోటితోనే చెప్పాను. పిన్ని పెరట్లో ఉంది. అప్పటికి ఆయనకు కూతురు చెవి మిషన్ కొనిచ్చి కొన్నాళ్లయింది. పెట్టుకుంటే హమ్ము కూడా తగ్గినట్టుంటుందని అనేవారు. కానీ దాని బ్యాటరీలు, దాని ఈలలు ఆయనకు నచ్చేవి కావు.

ఎదురుగా కూర్చుని, నిదానంగా, “బాబాయ్, అప్పట్లో మైకు వినపడలేదని పేపర్లో పడింది చూడండి, అది రాసింది నేనే. వెనక్కి వెళ్లి చూడకుండా రాశాను,” అన్నాను. ఆయన నా పెదాల వంక చూస్తూ ఉన్నారు. తల ఊపారు. చెయ్యి చాచి నా మోకాలి మీద రెండుసార్లు తట్టారు. కాస్సేపయ్యాక, “రోలుగుంట వైపు వానలు పడ్డాయేటి?” అని అడిగారు. “పడ్డాయి, నాట్లేస్తున్నారు,” అన్నాను. దానికీ అలాగే తల ఊపారు. ఆ నెలల్లో ఆయన అన్నిటికీ అలాగే తల ఊపేవారు. నేను రెండోసారి చెప్పలేదు. మొదటిసారి చెప్పడానికే ఊపిరంతా అయిపోయింది.

ఆ కార్తీకంలో ఆయన పోయారు. శవయాత్రలో మైకు పెట్టలేదు.

నేను ఇప్పటికీ వాక్యాన్ని రెండు ముక్కలు చేస్తాను. ఏ సభకు వెళ్లినా ముందు వెనక వరసకు వెళ్తాను. ఊరేగింపు ఎదురైతే ఎవరేమనుకున్నా ఫోము బిరడాలు పెట్టుకుని, పక్క సందులోకి తప్పుకుంటాను. కొత్త విలేకరులు వచ్చి వార్త చూపిస్తే గట్టిగా చదవమంటాను. వాళ్లకు ఎందుకో తెలియదు, విసుక్కుంటారు. ఇవన్నీ ఆయన ఇచ్చినవి. నేను ఆయనకు ఇచ్చింది ఏమిటో మీకు చెప్పాను.

ఈ మధ్య పిన్నిని చూడటానికి వెళ్లినప్పుడు అడిగాను. ఆ వానాకాలం నేను వచ్చిన రోజు బాబాయ్ చెవి మిషన్ పెట్టుకుని ఉన్నారా, అది పని చేస్తోందా అని. పిన్ని చాలాసేపు ఆలోచించింది. “ఆ మిషనా? దానికి బ్యాటరీ ఉంటే పెట్టుకునీవోడు. నేకపోతే ఒట్టి మిషనే సెవిలో ఎట్టుకుని కూకునీవోడు, ఎవులైనా అడిగితే ఇనపడతంది అనీవోడు. ఆ దినం ఉందో నేదో ఎలా సెప్పను బాబూ? నువ్వు ఎన్ని మద్దేన్నాలు రానేదు!” అంది. ఎందుకు అడుగుతున్నానో ఆమె అడగలేదు. ఆ రోజు మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చెప్పగల మనిషి ఇంకెవరూ లేరు.